కరెంటు పోయినా దండెం షాక్ కొడుతోంది: కళింగపట్నం దారిలో ఒక ఇంటి వైరింగ్ కేసు

కరెంటు పోయినప్పుడు కూడా పెరట్లో దండెం షాక్ కొడుతోందని ఒకావిడ చెబితే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇల్లు శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఉంది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. ఆయన రిటైరైన మాస్టారు, ఆవిడ ఇల్లు చూసుకుంటారు, చిన్నబ్బాయికి విశాఖలో ఉద్యోగం. మెకానికల్ డిప్లొమా చదివాడు, పనిముట్టు పట్టుకోవడం తెలిసిన కుర్రాడే. నేను వైరింగ్ పనులే చేసుకుని బతుకుతున్నాను. ఇందులో దొరికిన తప్పులు విడివిడిగా మన వైపు చాలా ఇళ్ళల్లో కనిపించేవే, ఇక్కడ అన్నీ ఒకే ఇంట్లో ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అందుకే మొదటి నుంచి చివరి దాకా వివరంగా రాస్తున్నాను.

పిలిచింది మాస్టారు. ఫోన్‌లో చెప్పింది మాత్రం దండెం గురించి కాదు, బిల్లు ఎక్కువొస్తోంది, మీటరు ఒకసారి చూడమని. మీటరు బాగానే ఉంది. కాకపోతే దాని ముఖం మీద ఈఎల్ అని రాసి ఉండే చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి ఇది ఉంటుంది, ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి రాకపోతే, అంటే మధ్యలో ఎక్కడో భూమిలోకి పోతుంటే వెలుగుతుంది. వెలగడం వరకే దాని పని, సప్లై ఆపదు. "ఈ లైటు ఎప్పట్నుంచి వెలుగుతోంది మాస్టారూ?" అంటే అది మామూలేననుకున్నామన్నారు. అప్పుడు ఆవిడ వంటింట్లోంచి వచ్చి అసలు మాట చెప్పారు.

"ఏటో బాబూ, కొళాయి ముట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమంటాది. దండెం మీద తడి చీర ఏసినా అంతే. కరెంటు నేనప్పుడు కూడా కొడతాది. సెప్తే ఈళ్ళు నమ్మరు."

కార్తీక మాసం రోజులు. ఆవిడ తెల్లవారకముందే పెరట్లో కొళాయి దగ్గర స్నానం చేస్తారు, కాళ్ళకి చెప్పులుండవు, ఒళ్ళంతా తడి, ఆ తడి చేత్తోనే ఇనుప దండెం మీద చీర ఆరేస్తారు. చేతులు తిమ్మిరిగా ఉంటున్నాయంటే డాక్టరుకి చూపించారు, నరాల బలహీనత అన్నారు, బీ కాంప్లెక్స్ మాత్రలు వాడుతున్నారు. కరెంటు పోయినప్పుడు కూడా షాక్ అంటున్నారు కాబట్టి అది షాక్ అయ్యే అవకాశమే లేదని తండ్రీ కొడుకులిద్దరూ తేల్చేశారు. పైకి వినడానికి ఆ లెక్క సరిగ్గానే ఉంటుంది. ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉందన్న సంగతి ఆ లెక్కలో ఎవరూ కలపలేదు.

పెరడు ఎలా ఉందో చెప్పాలి. డాబా వెనక రేకుల వసారా, నాలుగు ఇనప పైపు స్తంభాల మీద నిలబడి ఉంది. బయటి స్తంభానికి కొళాయి పైపు క్లాంపు వేసి బిగించారు, అదే స్తంభం నుంచి బాత్‌రూమ్ గోడ మీది కొక్కేనికి జీఐ, అంటే జింకు పూత ఇనప తీగ దండెం. వసారా చివర కొళాయి గట్టు మీద పడేలా ఒక ఎల్‌ఈడీ బల్బు. ఈ బల్బు చిన్నబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు స్వయంగా వేశాడు. అమ్మ చీకట్లో స్నానం చేస్తోంది, జారి పడుతుందేమోనని వేశాడు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. హాల్లో స్విచ్ బోర్డు నుంచి రెండు పోగులు మెలేసిన సన్నటి ఫ్లెక్సిబుల్ వైరు లాగి, కిటికీ ఊచల మధ్య నుంచి బయటికి తీసి, రేకుల కింద నుంచి చివరి దాకా తెచ్చి, అక్కడక్కడా బైండింగ్ తీగతో స్తంభాలకి కట్టాడు. వైరు చాలక మధ్యలో ఇంకో ముక్క కలిపి, మెలేసి, టేపు చుట్టాడు.

ఆ బల్బు గురించి ఇంకో విషయం వాళ్ళే చెప్పారు, కాకపోతే సమస్యలా కాదు, సౌకర్యంలా చెప్పారు. స్విచ్ ఆపినా రాత్రంతా మినుకు మినుకుమంటూ గుడ్డిగా వెలుగుతుందట, బెడ్ లైటులా పనికొస్తోందని వదిలేశారు. నాకు అక్కడే సగం కేసు తెలిసిపోయింది. స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ అలా వెలుగుతోందంటే కారణాలు ఒకటి రెండుంటాయి, స్విచ్‌లో ఇండికేటర్ ఉన్నా అలా కావచ్చు, కానీ సొంతంగా వేసిన లైన్లలో నేను ముందు చూసేది స్విచ్ న్యూట్రల్‌లో పెట్టారా అని. ఆ మెలి వైరులో రెండు పోగులూ ఒకే రంగు. ఏది ఫేజో ఏది న్యూట్రలో చూడకుండా చేతికొచ్చిన పోగు కోసి స్విచ్ పెట్టాడు, అది న్యూట్రల్ అయింది. అలా పెట్టినా స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది, చూసేవాడికి తేడా ఏమీ తెలియదు. కానీ స్విచ్ ఆపాక కూడా హోల్డర్ దాకా, వైరు పొడవునా 230 వోల్టులు అలాగే ఉంటాయి. తేమకి అందులోంచి కాస్త కరెంటు ఎటో జారి ఆ బల్బుని మినుకుమనిపిస్తుంది. లైటు ఆపి ఉంది కదా అని ఆ వైరు ముట్టుకున్నవాడి సంగతి చెప్పక్కర్లేదు.

స్తంభం మీద టెస్టర్ పెడితే నియాన్ వెలిగింది. అబ్బాయి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, "టెస్టర్ తేమకి కూడా వెలుగుతుంది అన్నా" అన్నాడు. అది నిజమే. టెస్టర్ ఒక్కదాన్నీ నమ్మి ఏదీ తేల్చకూడదు, డిజిటల్ మల్టీమీటర్ కూడా ఉత్తుత్తి వోల్టేజీ చూపిస్తుంది. అందుకే నా సంచిలో ఒక పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు, హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించి ఎప్పుడూ ఉంటుంది. ఉత్తుత్తి వోల్టేజీకి అది వెలగదు, నిజంగా కరెంటు ఇవ్వగలిగితేనే వెలుగుతుంది. ఒక వైరు న్యూట్రల్‌కి, ఇంకోటి స్తంభానికి పెట్టాను. గుడ్డిగానే అయినా వెలిగింది. అబ్బాయి ఇంక మాట్లాడలేదు.

తర్వాత కొలతలు. ముందురోజు రాత్రి జల్లు పడింది, నేల తడిగా ఉంది. స్తంభానికి, తడి నేలకి మధ్య 140 వోల్టులు. హాలు బోర్డు దగ్గర ఆ మెలి వైరు రెండు పోగులూ కలిపి, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్లో పెట్టాను. ఇది గుర్తుపెట్టుకోదగ్గ పరీక్ష, వెళ్ళే కరెంటూ వచ్చే కరెంటూ సమానమైతే మీటరు సున్నా చూపించాలి. 0.4 ఆంపియర్ చూపించింది. అంటే అంత కరెంటు రేకుల్లోంచి, స్తంభంలోంచి నేలలోకి పోతోంది. తడిగా ఉన్నంతసేపూ ఇలాగే పోతే రోజుకి రెండు యూనిట్ల పైన వృథా, నెలంతా అయితే 60 దాటుతుంది. బిల్లు ఎందుకు పెరిగిందో దీంతో తేలింది.

అప్పుడు ఆవిడ మాట సంగతి చూద్దామని మెయిన్ ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, దించాను. వంటింట్లో ఫ్రిజ్ ఆగింది, హాల్లో ఫ్యాను ఇన్వర్టర్ మీద తిరుగుతూనే ఉంది. స్తంభం దగ్గరికి వెళ్ళి కొలిస్తే, ఇంచుమించు అంతే వోల్టేజీ. అబ్బాయి పెరటి లైనుకి ఫేజు తీసుకున్న హాలు బోర్డు ఇన్వర్టర్ లైను. ఆ మెయిన్ సింగిల్ పోల్ కాబట్టి ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ దాకా కలిసే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కలిపి ఉంచుతారు. అందువల్ల కరెంటు పోయినా, మెయిన్ దించినా, బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు దండెం మీదే ఉంటుంది, నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకున్న మనిషి ద్వారా చక్కగా దారి పూర్తవుతుంది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా అక్షరాలా నిజం. మాస్టారు కొళాయి దగ్గర నిలబడి ఆ మీటరు వంక చూసి, "ఇన్నాళ్ళూ మాత్రలు మింగించాం" అన్నారు.

ఇన్వర్టర్, బ్యాటరీ రెండూ ఆపి, టెస్ట్ ల్యాంపుతో మళ్ళీ చూసుకుని, అప్పుడు రేకుల కిందకి ఎక్కాను. స్తంభం తల మీద రేకుని పట్టి ఉంచే జె బోల్టు పక్కన, రేకు అంచుకీ పైపుకీ మధ్య వైరు నలిగి ఉంది. సముద్రపు గాలికి రేకు రోజంతా సన్నగా అదురుతూనే ఉంటుంది, ఆ అదురుకి అంచు వైరు మీది పీవీసీ పొరని కోసుకుంటూ పోయింది. గోరంత చోట రాగి పోగులు బయటపడి, ఉప్పు గాలికి పచ్చబడి, చుట్టూ తుప్పు పొడి పేరుకుని ఉంది. ఎండగా ఉంటే ఆ తుప్పు పొడి అడ్డుగా ఉండి కరెంటు పెద్దగా దిగదు, జల్లు పడితే అదే తడిసి దారి ఇస్తుంది. అందుకే వేసవిలో ఏమీ లేదు, ఆశ్వయుజం నుంచి మొదలైంది. టేపు చుట్టిన జాయింటు విప్పితే టేపు జిగురు కారి జారిపోయి ఉంది, లోపల మెలి వదులు. మెగ్గర్, అంటే వైరు మీది పొర కరెంటుని ఎంత గట్టిగా ఆపుతోందో కొలిచే మీటరు, పెట్టి 500 వోల్టుల మీద ఆ ముక్క ఇన్సులేషన్ చూస్తే ముల్లు సున్నా దగ్గర నుంచి కదల్లేదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న అబ్బాయి కూడా అడిగాడు, ఇంత కరెంటు భూమిలోకి పోతుంటే ఎంసీబీ ఎందుకు పడలేదని. మన వైపు అది ఇసక నేల. స్తంభం కాలు కాంక్రీటులో, దాని కింద ఇసక. 140 వోల్టులకి 0.4 ఆంపియర్ పోతోందంటే ఆ స్తంభానికీ భూమికీ మధ్య అడ్డు దాదాపు 350 ఓములు. ఫేజు వైరు నేరుగా, గట్టిగా స్తంభానికి అతుక్కుపోయినా 230ని 350తో భాగిస్తే ఒక ఆంపియర్ కూడా రాదు. ఎంసీబీకి అది రెండు ఫ్యాన్లు తిరుగుతున్నట్టే లెక్క, ఏళ్ళ తరబడి అలాగే మోస్తుంది. ఎంసీబీ పుట్టింది వైరుని కాపాడటానికి, వైరు కాలిపోయేంత కరెంటు వస్తేనే పడుతుంది. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు దాటి కాసేపు పోయినా గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, తడి ఒంటికి అడ్డు వెయ్యి ఓముల చుట్టుపక్కలకి పడిపోతుంది, 230 వోల్టుల దగ్గర దాని గుండా 200 మిల్లీ ఆంపియర్ల పైన పోగలదు. ఆవిడ బతికి ఉండటానికి కారణం ఆ తుప్పు పొడి, కాస్త అదృష్టం. రక్షణ పరికరం అనదగ్గది ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

ఉన్న ఎంసీబీ కూడా అసలుది కాదు. మొదట 16 ఆంపియర్లది ఉండేది. గీజరూ మోటారూ కలిపి వేస్తే పడిపోతోందని 32 తెచ్చి పెట్టారు. లోపలి వైరు మాత్రం పాతదే, గీజరుకి వెళ్ళింది ఫ్యాన్లూ లైట్లూ తిరిగే సన్న వైరు. 3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది, దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కి తగిలించారు, సాకెట్ ముఖం గోధుమ రంగుకి తిరిగి, పిన్నులు పెట్టే చోట కరిగి ఉంది. పడిపోయే ఎంసీబీ ఒక మాట చెబుతోంది, లోడు ఎక్కువైంది అని. దాన్ని తీసి పెద్దది పెట్టడమంటే ఆ మాట చెప్పే నోరు మూసెయ్యడమే. పాత కిట్‌క్యాట్ ఫ్యూజుల రోజుల్లో ఫ్యూజు తీగ బదులు రాగి పోగులు నాలుగు మెలేసి పెట్టేవాళ్ళు, ఈ పని కూడా అదే.

సరే, రిపేరు సంగతి. మెలి వైరు మొత్తం పీకేశాను. పెరటి లైటుకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్, పీవీసీ పైపులో, రేకులకి ఎక్కడా తగలకుండా డాబా గోడ మీద నుంచి తెచ్చాను. లైటుని స్తంభం మీద కాకుండా గోడకి పెట్టాం, నీళ్ళు పడినా లోపలికి పోని ప్లాస్టిక్ ఫిట్టింగు. స్విచ్ ఇంటి లోపల, ఫేజులో. కొత్త లైను మెగ్గర్ మీద 100 మెగోములు దాటింది. దండెం జీఐ తీగ తీసేసి నైలాన్ తాడు, అది కూడా స్తంభానికి కట్టకుండా గోడకీ ఒక కర్రకీ. ఈ తాడు మార్పిడికి పైసా ఖర్చు లేనట్టే, కానీ మన ఊళ్ళల్లో దండెం చావులు ఎన్ని వింటామో అందరికీ తెలుసు. సర్వీసు వైరు ఒరుసుకునే చోట, లైటు వైరు కట్టిన స్తంభానికి ఇనప తీగ దండెం కట్టొద్దని నేను వెళ్ళిన ప్రతి ఇంట్లో చెబుతాను.

ఎర్త్ పిట్, అంటే ఇంటి ఎర్త్ తీగ భూమిలోకి దిగే గుంట, వెతికితే తులసి కోట పక్కన దొరికింది. ఎర్త్ తీగ పిట్ దగ్గర తుప్పు పట్టి తెగిపోయి చేతికొచ్చింది. కొత్తగా రెండున్నర మీటర్ల జీఐ పైపులు రెండు, ఒకదానికొకటి పైపు పొడవంత దూరంలో దించి, రెండింటినీ కలిపాం. ఇసకలో ఒక్క పైపు చాలదు, నీటి మట్టం పైనే ఉన్న ఊరు కాబట్టి రెండు పైపులకి 8 ఓములు వచ్చింది. వసారా స్తంభాల్నీ రేకుల్నీ కూడా ఈ ఎర్త్‌కి కలిపాను.

తర్వాత మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాను, 40 ఆంపియర్లది, రెండు పోల్స్. ఇది నేను క్లాంప్ మీటరుతో చేసిన పరీక్షనే క్షణక్షణం చేస్తూ ఉంటుంది, వెళ్ళిన దానికీ వచ్చిన దానికీ తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే రెండు వైర్లూ తెంపేస్తుంది. పెట్టి సప్లై ఇచ్చాను, వెంటనే పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. అబ్బాయి "కొత్త పీసే పాడైనట్టుంది అన్నా, ప్రస్తుతానికి దాన్ని తప్పించి డైరెక్టుగా ఇచ్చెయ్యి, అమ్మకి వంట అవ్వాలి" అన్నాడు. మన వైపు ఎన్నో ఇళ్ళల్లో ఆర్‌సీసీబీ పెట్టి కూడా అలా దాటవేసి ఉంచడం చూస్తుంటాను. పడుతోందంటే నూటికి తొంభై పాళ్ళు అది సరిగ్గానే పనిచేస్తున్నట్టు.

ఇంటి న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ నుంచి ఒక్కొక్క న్యూట్రల్ విప్పి, విడివిడిగా ఎర్త్‌తో మెగ్గర్ పెడుతూ పోయాను. వాషింగ్ మెషిన్ సాకెట్ లైను సున్నా చూపించింది. సాకెట్ ముఖం విప్పితే లోపల న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి వేలెడంత వైరు ముక్క. మెషిన్ బాడీ ముట్టుకుంటే చిమచిమలాడుతోందని, ఏదో వీడియోలో చూసి అబ్బాయి వేసిన లింకు అది. చిమచిమ తగ్గింది కూడా. అలాంటి మెషిన్ల లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ లేకపోతే వాటి వల్ల బాడీ మీద సన్నగా కరెంటు తగులుతుంది, అంటే ఆ చిమచిమ ఎర్త్ తెగిందని చెబుతోంది. లింకు వేస్తే బాడీ న్యూట్రల్‌తో ఒకటైపోయింది. ఆ ఇంటి న్యూట్రల్ ఎక్కడైనా, వీధి కరెంటు స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో వదులై ఊడిందనుకోండి, ఫ్యానులోంచో ఫ్రిజ్‌లోంచో తిరిగి వచ్చే ఫేజు ఆ లింకు గుండా మెషిన్ డబ్బా మీదకి వచ్చి కూర్చుంటుంది. న్యూట్రల్ తెగడం మన దగ్గర అరుదు కాదు, పెద్ద గాలి వీస్తే చాలు. ఈ కేసులో నన్ను ఎక్కువ భయపెట్టింది దండెం కంటే ఆ వేలెడంత వైరే. దండెం కనీసం ముందుగా చెబుతూ వచ్చింది, ఇది చెప్పదు.

లింకు తీసి, అసలు ఎర్త్ కలిపితే ఆర్‌సీసీబీ నిలబడింది. ఇంకో పని మిగిలింది. మెయిన్ దగ్గర పెట్టిన ఆర్‌సీసీబీ లైను కరెంటుని మాత్రమే చూస్తుంది, ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి ఇచ్చేది దాని వెనక పుడుతుంది కాబట్టి దానికి కనిపించదు. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి వేరే ఆర్‌సీసీబీ పెట్టాలి. పెట్టాలంటే ఇన్వర్టర్ లైన్లకి న్యూట్రల్ విడిగా ఉండాలి, మిగతా ఇంటి న్యూట్రల్‌తో దాని తర్వాత ఎక్కడా కలవకూడదు. పాత ఇంట్లో ఇది ఓపిక పరీక్షించే పని. సగం రోజు దీనికే పట్టింది, కానీ చెయ్యకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఇల్లు మళ్ళీ రక్షణ లేకుండా నిలబడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి వెళ్ళాక మన జిల్లాలో ఇన్వర్టర్ అవసరం ఎవరికీ చెప్పక్కర్లేకుండా పోయింది, అది కొనేటప్పుడు ఈ రెండో ఆర్‌సీసీబీ గురించి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. రెండు పిన్నుల వైరుతో జనరేటరుని సాకెట్‌లోకి గుచ్చే పని ఇంకా ఘోరం. మెయిన్ దించడం మరిస్తే ఆ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మరులోకి పోయి 11 వేల వోల్టులుగా మారి లైను మీదకి ఎక్కుతుంది, అక్కడ పడిపోయిన స్తంభం సరిచేస్తున్న లైన్‌మెన్ ఉంటాడు.

గీజరుకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగి 20 ఆంపియర్ల ఎంసీబీ, దానికి తగ్గ పవర్ సాకెట్. లైట్ల లైనుకి 6, మిగతా సాకెట్లకి 16. ఇన్వర్టర్ మీద పెద్ద అక్షరాలతో "మెయిన్ ఆపినా ఇక్కడ కరెంటు ఉంటుంది, ఇది కూడా ఆపాలి" అని అబ్బాయి చేతే రాయించి అంటించాం. ఎవరికైనా షాక్ తగిలితే ఆ ఇంట్లో ఆపాల్సినవి రెండు, మెయిన్, ఇన్వర్టర్. ఆపేదాకా మనిషిని ముట్టుకోకూడదు, పొడి కర్రతోనే విడదీయాలి, 108కి ఫోన్ చెయ్యాలి. ఇది నలుగురినీ నిలబెట్టి చెప్పాను, పనిమనిషితో సహా.

అబ్బాయితో చివరగా మాట్లాడింది ఇదే. "ఏటన్నా, లైటు ఎలుగుతోంది గదా అనుకున్నాను" అన్నాడు. లైటుకి ఫేజు, న్యూట్రల్ తారుమారైనా వెలుగుతుంది, స్విచ్ తప్పు వైరులో ఉన్నా వెలుగుతుంది, ఎర్త్ లేకపోయినా, జాయింటు వదులుగా ఉన్నా, వైరు తెగి రేకుకి ఆనినా వెలుగుతుంది. బల్బు హోల్డరులో బల్బు మార్చడం, ప్లగ్గు విప్పి చూడటం ఎవరైనా చెయ్యొచ్చు. గోడ దాటి కొత్త లైను లాగితే మాత్రం మెగ్గర్, క్లాంప్ మీటర్ ఉన్న, వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషి చేత ఒకసారి చూపించాలి. వేసింది మగవాళ్ళయినా ఆ లైను కింద తడి కాళ్ళతో, తెల్లవారుజామున, రోజూ నిలబడేది ఇంట్లో ఆడవాళ్ళే, అందుకే ఆవిడ జివ్వుమంటోందంటే ముందు మీటరు తీసుకుని పెరట్లోకి వెళ్ళాలి, మాత్రలు తర్వాత.

ఆర్‌సీసీబీ ఒక్కోటి 2,000 రూపాయల చుట్టుపక్కల పడింది, మిగతా ఖర్చులో ఎక్కువ భాగం వైరు, పైపులు, ఎర్త్ పిట్ తవ్వకం. నెలకోసారి రెండింటి మీదా టెస్ట్ బటన్ నొక్కమని ఆవిడకే అప్పగించాను, నొక్కగానే పడాలి, పడకపోతే నాకు ఫోన్ చెయ్యాలి. హాల్లో ఫాల్స్ సీలింగ్ లోపల స్ట్రిప్ లైట్లకి కరెంటు ఇచ్చే డ్రైవర్ డబ్బా, అక్కడి టేపు జాయింట్లూ ఇంకా విప్పలేదు, సీలింగ్ పలక కొయ్యాలి. ఆ లైను ప్రస్తుతానికి బోర్డు దగ్గరే ఊడదీసి ఉంచాను, సంక్రాంతికి అబ్బాయి వచ్చినప్పుడు చేస్తాం. ఎర్త్ మాత్రం ఏప్రిల్‌లో, ఇసక పూర్తిగా ఎండాక మళ్ళీ కొలవాలి.